ఏ ఇంటి గాలిని కొలుస్తారు? ఏ మీటరుతో కొలుస్తారు?

వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు ముందు నిలబడ్డ రైతుకు కొలత అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మీటరు 17 శాతం లోపు చూపిస్తే కాంటా అవుతుంది. దాటితే వడ్లు మళ్లీ ఆరబోసుకోవాలి. పత్తికైతే సీసీఐ 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 శాతం దాకా కోత పెట్టి తీసుకుంటుంది. అదీ దాటితే బండి వెనక్కి తిప్పాల్సిందే. జనగామలోనైనా మహబూబాబాద్‌లోనైనా మీటరు ఒక్క శాతం ఎక్కువ చూపిస్తే ముందు దెబ్బతినేది ఆరబోసుకోను కల్లం లేని కౌలు రైతు. వాళ్లలో దళితులు, లంబాడాలు ఎంతమందో మనకు తెలుసు. అందుకే ‘ఈ మీటరును సరిచూసింది ఎవరు? ఎప్పుడు?’ అనే ప్రశ్న ఈ జిల్లాల రైతులకు కొత్త కాదు.

ఇంట్లో మనం పీల్చే గాలి విషయంలో కూడా ఇదే ప్రశ్న వేయాలని మేము అంటున్నాం. రాష్ట్రంలో ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్ల నిర్మాణం సాగుతోంది. ఇంటికి 5 లక్షల రూపాయలు విడతలుగా వస్తాయి. పునాది, గోడలు, స్లాబు, ముగింపు అంటూ ఒక్కో దశలో ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే బిల్లు. ఇల్లు ఎన్ని అడుగులుందో, స్లాబు పడిందో లేదో సర్కారు కొలుస్తోంది. ఆ ఇంట్లో గాలి ఎలా ఉందన్నది ఏ దశలోనూ లెక్కలోకి రావడం లేదు. ఆ గాలిలో కంటికి కనపడని, వాసన లేని ఒక వాయువు గురించే ఈ వ్యాసం. దాని పేరు రేడాన్.

రేడాన్ అంటే ఏమిటి?

రాళ్లలో, మట్టిలో సహజంగానే కొంత యురేనియం ఉంటుంది. అది కోట్ల సంవత్సరాల మీద నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ రేడియంగా మారుతుంది. రేడియం నుంచి రేడాన్ పుడుతుంది. రేడాన్ వాయువు కాబట్టి మట్టి సందుల్లోంచి, నేల పగుళ్లలోంచి పైకి వస్తుంది. ఆరుబయటైతే గాలిలో కలిసి పలచబడిపోతుంది. మూసి ఉన్న గదిలో పోగవుతుంది. దాని సగం ఆయువు 3.8 రోజులు. అది విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పొలోనియం లాంటి ఘన పదార్థాలు దుమ్ముకు, పొగకు అంటుకుని ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అక్కడ ఆల్ఫా కణాలను విడుదల చేసి కణజాలాన్ని దెబ్బతీస్తాయి.

ఇది మనుషుల్లో కాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఒక్కో దేశంలో ఊపిరితిత్తుల కాన్సర్లలో 3 నుంచి 14 శాతం దాకా రేడాన్ వల్ల వచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఘనపు మీటరు గాలిలో సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే దాన్ని ఒక బెక్వెరెల్ అంటారు. ఏళ్ల తరబడి పీల్చే గాలిలో సగటున ప్రతి 100 బెక్వెరెల్‌ల పెరుగుదలకూ ఊపిరితిత్తుల కాన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరుగుతుంది. ఇళ్లలో రేడాన్ 100 బెక్వెరెల్‌లు దాటకుండా చూడాలని, అది సాధ్యం కాని దేశాల్లో కూడా 300 మించనివ్వొద్దని ఆ సంస్థ 2009లో సూచించింది. పొగ తాగే వాళ్లకు రేడాన్ వల్ల కలిగే ముప్పు తాగని వాళ్లకంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. బీడీ, చుట్ట కష్టజీవుల అలవాటుగా ఉన్న చోట ఈ లెక్క చిన్నది కాదు.

మూడు జిల్లాలు, మూడు రకాల నేలలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ నుంచి విడిపడి జిల్లాలయ్యాయి. కాగితం మీద గీత కొత్తది. కింద ఉన్న రాయి మాత్రం చాలా పాతది.

జనగామ అంతా గ్రానైట్ నేల. మామూలుగా గ్రానైట్‌లో యురేనియం, థోరియం సున్నపురాయి, ఇసుకరాయి కంటే ఎక్కువగా ఉంటాయి. ఆ రాతిలోకి దించిన లోతు బోర్ల నీళ్లలోనూ రేడాన్ కరిగి ఉంటుంది. నల్లా తిప్పినప్పుడు, నీళ్లు కాచినప్పుడు కొంత గదిలోకి వస్తుంది. నీళ్లలో లీటరుకు 1,000 బెక్వెరెల్‌లు ఉంటే ఇంటి గాలిలో సుమారు 100 పెరుగుతుందని లెక్క. అంటే చాలా ఇళ్లలో నీళ్లకంటే నేల నుంచి వచ్చేదే ఎక్కువ.

మహబూబాబాద్‌లో పడమటి వైపు గ్రానైట్, తూర్పు వైపు బయ్యారం, గూడూరు, కొత్తగూడ దిక్కు పాఖాల అవక్షేప శిలలు, ఇనుప రాయి. ఒకే జిల్లాలో రెండు రకాల నేల. తండాలు, గూడేలు, దళిత వాడలు రెండింటి మీదా ఉన్నాయి. గ్రానైట్ క్వారీలు, క్రషర్ల నుంచి వచ్చే కంకర, రాతి పొడి, రోబో ఇసుక ఇళ్ల గోడల్లోకి, గచ్చులోకి చేరుతున్నాయి.

భూపాలపల్లిది గోదావరి లోయ బొగ్గు నేల. సింగరేణి గనులు, గణపురం మండలం చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్నాయి. బొగ్గు కాలితే అందులోని రేడియం బూడిదలో పేరుకుంటుంది. ఆ బూడిదతో ఇటుకలు చేస్తారు. అయితే బూడిద రేణువులు గాజులా గట్టిపడి ఉండడం వల్ల లోపలి రేడాన్ అంత సులువుగా బయటికి రాదు. రేడియం ఎక్కువ, బయటికొచ్చే రేడాన్ తక్కువ. కాబట్టి బూడిద ఇటుక ఇంట్లో ప్రమాదం ఉందనో లేదనో మాటలతో తేల్చలేం. కొలిస్తేనే తేలుతుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం, వరంగల్ ఎన్ఐటీ భౌతికశాస్త్ర పరిశోధకులు తెలంగాణ గ్రానైట్ ప్రాంతాల ఇళ్లలో రేడాన్‌ను, నేల నుంచి వచ్చే గామా కిరణాలను కొలిచిన పనులు ఉన్నాయి. అంటే చదువు మన దగ్గర ఉంది, చేయగల చేతులు ఉన్నాయి. ఆ పని పరిశోధన పత్రాల నుంచి వాడలోకి, గ్రామసభలోకి రావాలన్నదే మా వాదన.

మీటరును సరిచూడడం ఎలా జరుగుతుంది?

రేడాన్ కొలిచే సాధనాలు చాలా ఉన్నాయి. గాలిని లోపలికి పీల్చి గంట గంటకూ అంకె చూపే ఎలక్ట్రానిక్ మీటర్లు ఖరీదైనవి. మన దేశంలో ఇళ్ల సర్వేలకు ఎక్కువగా వాడేది ఎర్రటి చిన్న ఫిల్ము ముక్క. ఎల్ఆర్-115 అంటారు. దాన్ని చిన్న డబ్బాలో పెట్టి మూడు నెలలు ఇంట్లో వేలాడదీస్తారు. ఆల్ఫా కణం తగిలిన చోటల్లా ఫిల్ము మీద కంటికి కనపడని గాయం పడుతుంది. తర్వాత ల్యాబులో 60 డిగ్రీల వేడి ఉన్న కాస్టిక్ సోడా ద్రావణంలో గంటన్నర నానబెడితే ఆ గాయాలు చిన్న రంధ్రాలుగా తేలతాయి. వాటిని లెక్కపెడతారు.

కానీ రంధ్రాల లెక్క రేడాన్ లెక్క కాదు. ఎన్ని రంధ్రాలకు ఎంత రేడాన్ అన్నది తెలియాలి. దానికే క్యాలిబ్రేషన్ కావాలి. గాలి చొరబడని గదిలో రేడియం నుంచి వచ్చే రేడాన్‌ను తెలిసిన మోతాదులో నింపుతారు. ప్రామాణిక పరికరంతో దాన్ని నిరంతరం కొలుస్తూ, అదే గదిలో ఈ ఫిల్ములను తెలిసినన్ని గంటలు ఉంచుతారు. వచ్చిన రంధ్రాలను తెలిసిన రేడాన్‌తో భాగిస్తే ఒక గుణకం వస్తుంది. ముంబైలోని బార్క్‌కు ఇలాంటి సదుపాయాలున్నాయి. మంగళూరు విశ్వవిద్యాలయంలో మనిషి లోపలికి నడిచి వెళ్లగలిగే, సుమారు 23 ఘనపు మీటర్ల క్యాలిబ్రేషన్ గది ఉంది.

ఆ గుణకం ఎంత ముఖ్యమో ఒక లెక్క చూద్దాం. బార్క్ రూపొందించిన సూదిరంధ్రాల డబ్బాకు రేడాన్ గుణకం సుమారు 0.017. అంటే ఘనపు మీటరుకు ఒక బెక్వెరెల్ ఉన్న గాలిలో, రోజుకు చదరపు సెంటీమీటరుకు 0.017 రంధ్రాలు పడతాయి. ఒక ఇంట్లో 90 రోజులు ఉంచిన ఫిల్ము మీద చదరపు సెంటీమీటరుకు 150 రంధ్రాలు తేలాయనుకుందాం. 150ని 0.017తోనూ 90తోనూ భాగిస్తే 98 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 100 గీతకు లోపలే ఉంది. ‘ఇల్లు సురక్షితం’ అని కాగితం వస్తుంది.

ఇప్పుడు ఆ ల్యాబు ద్రావణం వేడి కాస్త తగ్గిందనో, ఫిల్ము కొత్త బ్యాచ్‌దనో అసలు గుణకం 0.0145 అయిందనుకోండి. అదే ఇల్లు, అదే ఫిల్ము, అవే 150 రంధ్రాలు. జవాబు మాత్రం 115. ఇల్లు గీత దాటింది. గుణకం 0.02 అయితే జవాబు 83కు దిగిపోతుంది. ఇంట్లో పీల్చే గాలి మారలేదు. ఆ గాలి మీద ఆ కుటుంబానికి ఏమైనా అడిగే హక్కు ఉందా లేదా అన్నది మాత్రం మారిపోయింది. తేమ మీటరు దగ్గర ఒక్క శాతం ఎంత పని చేస్తుందో ఇక్కడ గుణకంలో రెండో అంకె అంత పని చేస్తుంది.

ప్రామాణిక గది వేరు, మన ఇల్లు వేరు

క్యాలిబ్రేషన్ గదిలో తేమ, వేడి అదుపులో ఉంటాయి. దుమ్ము, పొగ ఎంత ఉండాలో ముందే నిర్ణయిస్తారు. వాడలోని ఒంటి గది ఇల్లు అలా ఉండదు. ఈ తేడాను మూడు చోట్ల చూడాలి.

మొదటిది గోడ. థోరియం నుంచి పుట్టే థోరాన్ అనే మరో వాయువు ఉంది. దాని సగం ఆయువు నిమిషం కన్నా తక్కువ కాబట్టి గోడ నుంచి దూరం పోకముందే చాలా వరకు విచ్ఛిన్నమైపోతుంది. మట్టి గోడల ఇంట్లో ఇది గోడ పక్కనే ఎక్కువగా ఉంటుంది. పది అడుగుల గదిలో మంచం, బియ్యం డబ్బా, బట్టల మూట పోగా డబ్బా వేలాడదీయడానికి మిగిలేది గోడకున్న మేకే. అక్కడ పెడితే థోరాన్‌ను కూడా కొన్ని పరికరాలు రేడాన్‌గా లెక్కపెడతాయి. థోరాన్‌ను వేరు చేయలేని మీటరు మట్టి గోడల ఇంట్లో చెప్పేది నమ్మలేం. బార్క్ డబ్బాకు సూదిరంధ్రాలు పెట్టిందే దీనికోసం. రేడాన్ లోపలి గదిదాకా పోయేలోపు థోరాన్ దారిలోనే అయిపోతుంది. థోరాన్ కూడా హానికరమే కాబట్టి దాన్ని విడిగా కొలిచి చెప్పాలి.

రెండోది తేమ. కొన్ని ఎలక్ట్రానిక్ మీటర్లు విద్యుత్ క్షేత్రంతో పొలోనియం అయాన్లను లాగి లెక్కపెడతాయి. గాలిలో తేమ పెరిగితే ఆ అయాన్లు దారిలోనే తటస్థమైపోతాయి, మీటరు తక్కువ చూపిస్తుంది. వానాకాలంలో రేకుల కింద, చెమ్మెక్కిన గోడల మధ్య తేమకు సవరణ లేకుండా తీసిన అంకె ఆ ఇంటికి అన్యాయం చేస్తుంది.

మూడోది పొగ. చాలా సర్వేల్లో రేడాన్ వాయువును మాత్రమే కొలిచి, దాని నుంచి పుట్టే ఘన పదార్థాలు ఇంత ఉంటాయని 0.4 అనే ఒక నిష్పత్తితో గుణిస్తారు. కట్టెల పొయ్యి మండే గదిలో పొగ రేణువులకు అవి ఎక్కువగా అంటుకుని గాలిలోనే ఉండిపోతాయి. అక్కడ నిష్పత్తి పెరుగుతుంది. వంట చేసేది ఆడవాళ్లు, వాళ్ల ఒడిలో చిన్నపిల్లలు. కాబట్టి పొగ ఉన్న ఇళ్లలో ఆ ఘన పదార్థాలను నేరుగా కొలిచే సాధనాలు వాడాలి. అవి కూడా బార్క్ దగ్గర ఉన్నాయి.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. పేదల ఇల్లు కాబట్టి రేడాన్ ఎక్కువే ఉంటుందని అనుకోవద్దు. గూన పెంకుల సందుల్లోంచి, తడిక తలుపులోంచి గాలి ఆడుతుంది, రేడాన్ పోతుంది. అదే కుటుంబం స్లాబు ఇంట్లోకి మారి, చిన్న జాగాలో రెండు వైపులా పక్క గోడలు ఆనుకుని, ఒకే కిటికీతో, చలికాలం తలుపులు మూసుకుని పడుకుంటే లెక్క మారవచ్చు. ఆ జాగా అంత చిన్నదిగా ఎందుకుందన్నది కులం ప్రశ్నే. ఊరికి పెద్ద పెరళ్లు, వాడకు గజాల లెక్కన పట్టాలు. పక్కా ఇల్లు మన హక్కు. గాలి ఆడే పక్కా ఇల్లు కూడా మన హక్కే.

అంకె చుట్టూ నడిచిన ఒక పోరాటం

అంకె దగ్గర హక్కు ఆగిపోవడం కొత్త కాదు. అమెరికాలో నవాహో ఆదివాసులు 1940ల నుంచి దశాబ్దాల పాటు యురేనియం గనుల్లో పనిచేశారు. ఆ దేశ ప్రజారోగ్య శాఖ 1950లో గని కార్మికుల మీద అధ్యయనం మొదలుపెట్టింది. కొలతలు తీసింది. ముప్పు గురించి మాత్రం కార్మికులకు చెప్పలేదు. ఊపిరితిత్తుల కాన్సర్‌తో మనుషులు పోతూ ఉంటే, భార్యలు, పిల్లలు ఏళ్ల తరబడి పోరాడాక 1990లో పరిహార చట్టం వచ్చింది. అర్హులైన గని కార్మికుడికి లక్ష డాలర్లు. కానీ పొగ తాగని కార్మికుడు 200 ‘వర్కింగ్ లెవెల్ మంత్స్’ రేడాన్‌కు గురైనట్టు తేలాలని చట్టం షరతు పెట్టింది. పొగ తాగితే ఇంకా ఎక్కువ. ఆ గనుల్లో ఎప్పుడో ఒకసారి తీసిన కొలతలతో ఆ అంకె చూపించాల్సి వచ్చింది. సంప్రదాయ పెళ్లికి కాగితం లేని వితంతువులు భార్యలమని నిరూపించుకోలేక తిరిగారు. పదేళ్లు కొట్లాడితే 2000లో చట్టాన్ని సవరించి ఆ గీతను 40కి దించారు. 200 గీతకు దిగువనున్న మనిషికి జబ్బు లేదని కాదు. అంతదాకా అతని జబ్బు లెక్కలోకి రాలేదు.

మరో వైపు చూడండి. 1984లో అమెరికాలోనే పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజినీరు అణు విద్యుత్ కేంద్రంలోకి వెళ్తుంటే గేటు దగ్గరి అలారాలు మోగాయి. ప్లాంటులో అప్పటికి విద్యుత్ ఉత్పత్తి కూడా మొదలు కాలేదు. వెతికితే రేడాన్ అతని ఇంట్లో ఉందని తేలింది. ఆ తర్వాతే ఇళ్లలో రేడాన్ అమెరికాకు పెద్ద సమస్య అయింది. కొలిచే యంత్రం ఉన్న గేటులోంచి రోజూ నడిచే ఇంజినీరుకు తన ఇంటి గాలి గురించి తెలిసింది. క్వారీ కూలీ, ఉపాధి హామీ కూలీ నడిచే దారిలో అలాంటి గేటు ఉండదు.

నల్లగొండ ఫ్లోరైడ్ కూడా ఇదే చెప్పింది. వంకర్లు పోయిన కాళ్లు తరతరాలుగా కళ్ల ముందే ఉన్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గీత ముందు పెట్టి ఊరూరా నీళ్లను కొలిచి చూపించాకే అది సర్కారు బాధ్యత అయింది.

ఏం అడగాలి?

రేడాన్ కంటే ముందు సిలికా దుమ్ము, క్షయ, పొయ్యి పొగ లేవా అని కొందరు మిత్రులు అడగవచ్చు. ఉన్నాయి. అవి రేడాన్‌తో కలిసే ఊపిరితిత్తుల మీద పడతాయి. ఒకే ఇంటికి వెళ్లిన ఆరోగ్య కార్యకర్త అన్నీ కలిపి చూడవచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే చవక మీటరు ఒకటి తెచ్చి, వాడలో ఒక రాత్రి పెట్టి, ఆ అంకెతో భయపెట్టడాన్ని మేము ఒప్పుకోం. అదే మీటరుతో ‘ఏమీ లేదు’ అని కాగితం ఇచ్చేయడాన్నీ ఒప్పుకోం. మా డిమాండ్లు ఇవి.

ఒకటి, మూడు జిల్లాల్లోనూ ఏడాది పొడవునా, అన్ని కాలాల్లో ఇళ్లలో రేడాన్, థోరాన్ కొలవాలి. ఇళ్లను లాటరీ పద్ధతిలో ఎంచుకోవాలి. ఊరు, వాడ, తండా, గూడెం విడివిడిగా లెక్కలోకి రావాలి. మట్టి గోడ, రేకులు, స్లాబు, బూడిద ఇటుక ఇళ్లన్నీ ఉండాలి. 2024లో ఇంటింటి కులగణన చేసి, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని చెప్పిన ప్రభుత్వానికి ఇళ్ల జాబితా కష్టం కాదు.

రెండు, వాడే ప్రతి సాధనానికీ క్యాలిబ్రేషన్ పత్రం బహిరంగంగా ఉండాలి. ఏ గదిలో, ఏ తేదీన, ఏ తేమలో సరిచూశారు, గుణకం ఎంత, తప్పు ఎంత దాకా ఉండవచ్చు అన్నవి అందులో ఉండాలి. ఎలక్ట్రానిక్ మీటరైతే సర్వేకు ముందూ తర్వాతా సరిచూడాలి.

మూడు, ల్యాబును కూడా పరీక్షించాలి. పది ఇళ్లకు ఒక ఇంట్లో పక్కపక్కనే రెండు డబ్బాలు పెట్టాలి. ఇళ్లలో పెట్టని ఖాళీ ఫిల్ములు కొన్ని, క్యాలిబ్రేషన్ గదిలో తెలిసిన మోతాదు తగిలిన ఫిల్ములు కొన్ని, ల్యాబుకు చెప్పకుండా కలిపి పంపాలి. జవాబు సరిగ్గా వస్తేనే మిగతా అంకెలను నమ్మాలి.

నాలుగు, ఫలితం ముందుగా ఆ కుటుంబానికి తెలుగులో చెప్పాలి. ఏ ఇంట్లో ఎంత అన్నది ఊరంతా తెలిసేలా పెట్టొద్దు. వాడను మైలగా చూసే సమాజంలో ‘రేడాన్ వాడ’ అనే ఇంకో ముద్ర మనకు అక్కర్లేదు.

ఐదు, ఎక్కువ ఉన్న ఇంటికి మరమ్మతు సర్కారు ఖర్చుతో జరగాలి. ఎదురెదురు కిటికీలు, గచ్చు పగుళ్లు పూడ్చడం, అవసరమైతే గచ్చు కింది గాలిని పైపుతో ఇంటి పైకి పంపడం లాంటివి తెలిసిన పద్ధతులే. కొత్త ఇందిరమ్మ ఇంటికి పునాది దశలోనే ఇవి చేస్తే ఖర్చు తక్కువ.

డబ్బు ఎక్కడిది అంటే, గనుల జిల్లాలకు జిల్లా ఖనిజ నిధి ఉంది. ఆరోగ్యం, కాలుష్య నియంత్రణ దాని ప్రాధాన్య పనుల్లోనే ఉన్నాయి. 2017 చట్టం కింద ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి ఉంది.

విద్యార్థులకు ఒక మాట. కాకతీయ విశ్వవిద్యాలయంలో, గురుకుల డిగ్రీ కాలేజీల్లో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివే మన పిల్లలు ఉన్నారు. ఫిల్ము కడగడం, రంధ్రాలు లెక్కపెట్టడం, గుణకం వేయడం వాళ్లు నేర్చుకోగల పనులే. వాడ గాలిని వాడ పిల్లలే కొలిచే రోజు రావాలి. అప్పటిదాకా ఎవరు వచ్చి ఏ అంకె చెప్పినా, సమాచార హక్కు దరఖాస్తులోనైనా గ్రామసభలోనైనా మనం అడగాల్సిన మొదటి మాట ఒకటే: ఈ మీటరును సరిచూసిన కాగితం చూపించండి.